డయాలసిస్ ఇంట్లో మందుల డబ్బా: రక్తనాళాలకి కాల్షియం పట్టకుండా ఏది ఎప్పుడు వేయాలి

మీ ఇంట్లో డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల మందుల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించండి. స్ట్రిప్పులు, సీసాలు, పొట్లాలు, ఊరి నుంచి ఎవరో తెచ్చిచ్చిన చూర్ణం, అన్నీ. పక్కన ఒక తెల్ల కాగితం, పెన్ను పెట్టుకోండి. ఇది చదువుతూ వాటిని నాలుగు కుప్పలు చేయాలి: అన్నంతో కలిపి వేయాల్సినవి, మెషీన్ మీద ఉండగా ఎక్కించేవి, మెషీన్ దిగాక వేయాల్సినవి, అసలు ఇంట్లో ఉండకూడనివి.

మా అమ్మకి డయాలసిస్ మొదలై ఆరేళ్లు దాటింది. సూళ్లూరుపేటలో ఉండేవాళ్లం, వారానికి మూడుసార్లు లోకల్ రైల్లో చెన్నై వచ్చి పోవడం ఆవిడ వల్ల కాక పెరంబూరులో ఇల్లు తీసుకున్నాం. మొదటి మూడేళ్లు మాకు ఈ కుప్పల సంగతి తెలియదు. పొద్దున టిఫిన్ అయ్యాక గుప్పెడు మాత్రలు, రాత్రి పడుకోబోయే ముందు గుప్పెడు, ఒక్కటీ మానకుండా వేశాం, అదే శ్రద్ధ అనుకున్నాం. నాలుగో ఏడు అమ్మ మెట్ల మీద జారి పడితే తుంటికి ఎక్స్-రే తీశారు. ఎముక విరగలేదు గానీ, దాని పక్కగా తొడలోకి దిగుతూ రెండు సన్నటి తెల్ల గీతలు కనిపించాయి, రైలు పట్టాల్లాగా. అదేంటని అడిగితే రక్తనాళం అన్నారు డాక్టర్ గారు. మామూలుగా ఎక్స్-రేలో రక్తనాళం కనపడదు. కనపడుతోందంటే దాని గోడలో కాల్షియం పేరుకుందని అర్థం.

నేను డాక్టర్ని కాదు. డోసు మీరే మార్చుకోమని ఇది రాయడం లేదు, ఒక్క మాత్ర కూడా మీ అంతట మీరు ఆపొద్దు, మొదలుపెట్టొద్దు. నెఫ్రాలజిస్ట్ ముందు కూర్చునే ఆ ఐదు నిమిషాల్లో ఏం అడగాలో తెలియడానికి రాస్తున్నాను. డయాలసిస్ వాళ్లకి ఏ మందు అన్నది ఎంత ముఖ్యమో, ఏ వేళకి అన్నది కూడా అంతే ముఖ్యమని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ముందు ఆ గోడలో ఏం జరుగుతుందో

చెన్నైలో బోరు నీళ్లు కాచే గిన్నెకి అడుగున తెల్లగా పొర కడుతుంది కదా, రక్తనాళానికి కూడా అలాగే పడుతుందని చాలామంది చెప్తారు. అది సగమే నిజం. గిన్నెకి పట్టినది పైన పట్టిన పొర, గీకితే వస్తుంది. రక్తనాళంలో జరిగేది వేరు. రక్తంలో ఫాస్ఫరస్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే గోడ మధ్య పొరలో ఉండే కండర కణాలు మెల్లగా ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి, ఎముకలో ఉండే స్ఫటికాలనే, అంటే హైడ్రాక్సీఅపటైట్‌నే, అక్కడ పేర్చుతాయి. సాగాల్సిన గొట్టం గట్టిపడుతుంది, పై బీపీ పెరుగుతుంది, కింది బీపీ పడిపోతుంది, గుండెకి బరువు పెరుగుతుంది. ఇది ముసలితనంలో వచ్చేదిలే అని వదిలేయకండి. 2000 సంవత్సరంలో అమెరికాలో చిన్న వయసు డయాలసిస్ పేషెంట్ల గుండె రక్తనాళాలని స్కాన్ చేస్తే, 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న 16 మందిలో 14 మందికి అప్పటికే కాల్షియం పట్టి ఉంది.

ఒంట్లో దీన్ని ఆపే కాపలాదారులు కూడా ఉన్నాయి. కాలేయం తయారుచేసే ఫెట్యూయిన్-ఎ, విటమిన్ కె ఉంటేనే పనిచేసే ఒక ప్రోటీన్, పైరోఫాస్ఫేట్, మెగ్నీషియం, ఇలాంటివి. కిడ్నీ జబ్బులో ఈ కాపలా బలహీనపడుతుంది. కాబట్టి మనం చేయగలిగినవి రెండే: స్ఫటికానికి కావాల్సిన సరుకు, అంటే ఫాస్ఫరస్, కాల్షియం, తగ్గించడం, కాపలాని దెబ్బతీసేవాటిని దూరం పెట్టడం. గట్టిపడిన దాన్ని కరిగించి మళ్లీ మెత్తగా చేస్తుందని నమ్మకంగా తేలిన మందు ఏదీ లేదు. అలా చేస్తానని ఎవరైనా వీడియోలో చెప్తే డబ్బు పంపొద్దు.

మొదటి కుప్ప: అన్నంతో

లెక్క ఒకటి చెప్తాను, దీంతో అంతా తేటపడుతుంది. మామూలు తిండిలో రోజుకి రమారమి 1000 మి.గ్రా. ఫాస్ఫరస్ ఉంటుంది. అందులో 600 నుంచి 700 దాకా పేగు పీల్చుకుంటుంది. వారానికి 4200కి పైనే. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కోసారి తీసేది సుమారు 800, మూడుసార్లకి 2400. మిగిలిన దాదాపు 1800 మి.గ్రా. ఎక్కడికి పోవాలి? మూత్రం లేదు. ఎముకలోకో, రక్తనాళం గోడలోకో పోవాలి. ఆ మిగులుని పేగులోనే పట్టేసి విరేచనంలో పంపడానికే బైండర్ మాత్రలు.

ఇంకొంచెం సేపు మెషీన్ మీద ఉంచితే సరిపోదా అని నేనూ అడిగాను. ఫాస్ఫరస్ ఎక్కువగా కణాల లోపల ఉంటుంది, రక్తంలో ఉన్నది మొదటి గంటా రెండు గంటల్లో దిగిపోతుంది, ఆ తర్వాత లోపలి నుంచి బయటికి రావడానికి టైం పడుతుంది, మెషీన్ దిగిన కొన్ని గంటలకి మళ్లీ పైకి లేస్తుంది. అందుకే నాలుగు గంటలని ఐదు చేసినా లాభం ఉంటుంది గానీ బైండర్ అక్కర్లేనంత కాదు. ఉన్న నాలుగు గంటలని మాత్రం మూడున్నర చేసుకోకండి, వాన పడుతోంది, ఆటో దొరకదు అని దిగిపోయేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

బైండర్ అంటే సెవెలమర్, కాల్షియం అసిటేట్, కాల్షియం కార్బొనేట్, లాంథనం, ఐరన్‌తో చేసినవి కొన్ని. ఇవన్నీ పని చేసేది పేగులో, తిండి ఉన్నప్పుడు, తిండితోనే. పడుకునే ముందు ఖాళీ కడుపుతో వేసిన సెవెలమర్‌కి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, డబ్బు దండగ. ఖాళీ కడుపుతో వేసిన కాల్షియం బైండర్ అయితే ఇంకా చెడ్డది, పట్టడానికి ఫాస్ఫరస్ లేక ఆ కాల్షియమే ఒంట్లోకి పోతుంది, అంటే దేన్ని ఆపాలని వేశామో దానికే సరుకు అందించినట్టు. మా అమ్మకి మూడేళ్లు మేం చేసింది ఇదే, రాత్రి తొమ్మిదిన్నరకి, అన్నం తిన్న గంటన్నర తర్వాత.

ఇప్పుడు చేసేది ఇది. మొదటి నాలుగు ముద్దలు తిన్నాక మాత్ర, మధ్యలో ఇంకోటి ఉంటే అది. సెవెలమర్ నమలకూడదు, నూరకూడదు, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది కాబట్టి అలాగే మింగాలి. లాంథనం దీనికి పూర్తిగా తలకిందులు, బాగా నమిలి మింగాలి, మింగేస్తే పని చేయదు. కాల్షియం కార్బొనేట్‌కి కడుపులో ఆమ్లం కావాలి, పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవాళ్లలో అది సరిగా పనిచేయదు, ఈ ముక్క డాక్టర్‌కి గుర్తుచేయండి. సెవెలమర్ ఫాస్ఫరస్‌నే కాదు, కొన్ని మందులని కూడా పట్టేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ కలిపి వేస్తే సగం ఒంటికి అందదు. థైరాయిడ్ మాత్ర కూడా అంతే, దాన్ని తెల్లారి లేవగానే వేసి, టిఫిన్‌కి బైండర్ వేయడానికి మధ్య ఎంత ఎడం ఉండాలో అడగండి.

సెవెలమర్, కాల్షియం అసిటేట్ లాంటి ఒక బైండర్ మాత్ర పట్టేది కొద్ది పదుల మిల్లీగ్రాముల ఫాస్ఫరసే. అందుకని పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి అని గుడ్డిగా పంచడం కంటే ఏ పూట ఎక్కువ తింటారో ఆ పూట ఎక్కువ వేయడం మేలు. అమ్మ రెండు ఇడ్లీ తిని మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తింటుంది, కాబట్టి డాక్టర్‌ని అడిగి టిఫిన్‌కి ఒకటి, మధ్యాహ్నం రెండు చేశాం. డయాలసిస్ యూనిట్‌లో మంచం మీద తినే వడా కాఫీ కూడా తిండే. ఆ సంచిలో, పర్సులో, చొక్కా జేబులో రెండు మాత్రలు ఎప్పుడూ ఉండాలి. పెళ్లికి వెళ్లి, మాత్రలు ఇంట్లో మర్చిపోయి, ఒక్కరోజుకేం కాదులే అని పాయసం, పెరుగు, చికెన్ తిని వచ్చిన రోజులే నెలాఖరు రిపోర్ట్‌లో కనపడతాయి. మంగళ-గురు-శని షిఫ్ట్ వాళ్లు ముఖ్యంగా చూసుకోవాలి: శనివారం దిగాక మళ్లీ మంగళవారం దాకా మెషీన్ లేదు, మధ్యలో వచ్చేది ఆదివారం. చుట్టాలు వచ్చేది, మాంసం వండేది ఆ రోజే.

కాల్షియం బైండరా, కాల్షియం లేనిదా అన్నది డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం. 2002లో 200 మంది డయాలసిస్ పేషెంట్ల మీద వచ్చిన ట్రయల్‌లో రెండు రకాలూ ఫాస్ఫరస్‌ని ఒకేలా తగ్గించాయి, కానీ ఏడాదికి కాల్షియం బైండర్ వేసుకున్నవాళ్ల రక్తనాళాల్లో కాల్షియం పెరిగింది, సెవెలమర్ వాళ్లలో అంతగా పెరగలేదు. 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కాల్షియం బైండర్ మోతాదుని పరిమితం చేయమంటున్నాయి. సెవెలమర్ ఖరీదు ఎక్కువ, నిజమే. జెనరిక్‌లో రాయమని అడగండి, దగ్గరలో ఉన్న జన ఔషధి కేంద్రంలో ఉందేమో చూడండి. సెవెలమర్‌తో మలబద్ధకం రావచ్చు, వస్తే చెప్పండి, సిగ్గుపడి మాత్ర మానేయకండి.

ఫాస్ఫరస్ అంతా ఒకటి కాదు

ఫాస్ఫరస్ ఎక్కువని చెప్పగానే మనవాళ్లు ముందు మానేసేది పప్పు. తప్పు అనను గానీ వరస తప్పింది. కందిపప్పు, మినప్పప్పు, నువ్వుల్లో ఫాస్ఫరస్ చాలామటుకు ఫైటేట్ అనే రూపంలో ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగులో దాదాపు లేదు, అందుకే చాలా భాగం అలాగే బయటికి పోతుంది. పాలు, మాంసం, చేపల్లోది ఇంతకంటే ఎక్కువ ఒంటికి పడుతుంది. కంపెనీలు డబ్బాల్లో, ప్యాకెట్లలో కలిపే ఫాస్ఫేట్ అయితే దాదాపు మొత్తం పడుతుంది. ప్యాకెట్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో 338, 339, 340, 341, 450, 451, 452 అనే నంబర్లు ఉన్నాయేమో చూడండి. అవన్నీ ఫాస్ఫేట్లే. నల్లటి కూల్ డ్రింకుల్లో, ప్రాసెస్ చేసిన చీజ్‌లో, బేకరీ సరుకులో, ఫ్రీజర్‌లో అమ్మే మాంసం ముక్కల్లో ఎక్కువ. డయాలసిస్ నుంచి వచ్చేటప్పుడు ఓపిక లేక బేకరీలో పఫ్, కూల్ డ్రింక్ కొనిపెట్టడం మాకు అలవాటుగా ఉండేది. ఇప్పుడు ఇంట్లోంచి పులిహోర కట్టుకెళ్తున్నాం. నెత్తళ్లు, ఎండు చేపలు ఎముకతో సహా తింటాం కాబట్టి వాటిలో ఫాస్ఫరస్, కాల్షియం రెండూ ఉంటాయి, ఉప్పు సరేసరి. సూళ్లూరుపేట వాళ్లకి ఇది చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

రెండో కుప్ప: మెషీన్ మీద

ఇప్పుడు చెప్పిన ఫైటేట్ గుర్తుపెట్టుకోండి. అదే పదార్థాన్ని శుద్ధి చేసి, ఎస్‌ఎన్‌ఎఫ్472 అనే పేరుతో, రక్తనాళాల కాల్షియానికి మందుగా స్పెయిన్‌లోని సానిఫిట్ అనే కంపెనీ పరీక్షించింది. నాకు తెలిసినంతలో డయాలసిస్ వాళ్ల కోసమే ఆలోచించి చేసిన మందుల్లో ఇది ప్రత్యేకమైనది, అందుకే దీని నడక కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇది మందుల షాపులో దొరికేది కాదు, ప్రయోగాల్లో ఇచ్చిన మందు. అయినా దీన్ని అర్థం చేసుకుంటే మిగతా మందులు డయాలసిస్ ఒంట్లో ఎలా తిరుగుతాయో తెలుస్తుంది.

ఫైటేట్ అణువు మీద ఋణావేశం చాలా ఎక్కువ, అంటే కాల్షియాన్ని గట్టిగా పట్టుకునే గుణం. నోటితో వేస్తే పేగులోనే కాల్షియం లాంటివాటిని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అందుకని నరంలోకి ఎక్కించాలి. డయాలసిస్ పేషెంట్ వారానికి మూడుసార్లు ఎలాగూ సూది పెట్టించుకుంటాడు కాబట్టి మెషీన్ లైన్‌లోంచే ఎక్కించారు. రక్తంలో అది ఎక్కువసేపు నిలవదు, గంట అటూ ఇటూలో సగానికి సగం తగ్గిపోతుంది. మరి రెండు రోజులకోసారి ఇస్తే ఎలా సరిపోతుంది? ఈ మందు పని రక్తంలో తిరగడం కాదు. హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికం ఏ చోట్లలో పెరుగుతుందో అక్కడే అతుక్కుని, ఆ చోట్లని మూసేస్తుంది. రక్తంలోంచి పోయినా స్ఫటికం మీద అతుక్కున్నది పని చేస్తుంది. ఫాస్ఫరస్‌నీ, పీటీహెచ్‌నీ (మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోన్, ఎముకలోంచి కాల్షియాన్ని బయటికి లాగేది) తగ్గించే మందు కాదిది, చివరి మెట్టు దగ్గర అడ్డు నిలబడే మందు.

ఫలితం ఏమిటి? 2020లో ప్రచురించిన ట్రయల్‌లో 274 మంది హీమోడయాలసిస్ పేషెంట్లకి 52 వారాలు కొందరికి మందు, కొందరికి ఉత్త ద్రవం ఎక్కించారు. గుండె రక్తనాళాల్లో కాల్షియం పరిమాణం మందు తీసుకున్నవాళ్లలో 11 శాతం, తీసుకోనివాళ్లలో 20 శాతం పెరిగింది. గుండెలోని అయోర్టిక్ కవాటంలో తేడా ఇంకా పెద్దది, 14 శాతం, 98 శాతం. ఇక్కడ ఆగి చదవండి: మందు తీసుకున్నవాళ్లలో కూడా పెరిగింది, నెమ్మదిగా పెరిగింది. గుండెపోట్లు తగ్గుతాయా, మనుషులు ఎక్కువ కాలం బతుకుతారా అన్నది తేల్చేంత పెద్ద ట్రయల్ కాదది. ఆ తర్వాత కాల్సిఫిలాక్సిస్ అనే భయంకరమైన చర్మ పుండ్ల జబ్బులో 71 మంది మీద మూడో దశ (ఫేజ్ 3) ట్రయల్ చేశారు. మందు ఇచ్చినవాళ్లలో, ఇవ్వనివాళ్లలో ఇద్దరిలోనూ పుండ్లు, నొప్పి మెరుగయ్యాయి, తేడా తేలలేదు. స్కాన్‌లో అంకె మెరుగవడం, మనిషి మెరుగవడం వేరువేరు, రెండూ చూసి నమ్మాలి. నాకు ఈ మందు మీద ఆశ పోలేదు, తొందర మాత్రం పోయింది.

ఇది విని మా పెద్దమ్మ, అయితే బియ్యపు తవుడు రోజూ పెట్టచ్చుగా అంది. వద్దు. నోటితో తిన్న ఫైటేట్ రక్తంలోకి చేరదనే కదా అనుకున్నాం, పైగా తవుడులో ఫాస్ఫరస్, పొటాషియం రెండూ దండిగా ఉంటాయి.

మెషీన్ మీద ఇచ్చే ఇంకో మందు సోడియం థయోసల్ఫేట్. ఇప్పుడు చెప్పిన కాల్సిఫిలాక్సిస్‌లో డాక్టర్లు వాడతారు, సాధారణంగా 25 గ్రాములు, డయాలసిస్ చివరి గంటలో. చివరి గంటే ఎందుకంటే చిన్న అణువు, నీళ్లలో కరుగుతుంది, మొదట్లో ఇస్తే మెషీన్ దాన్ని కూడా కడిగేస్తుంది. వాంతులు, వికారం మామూలే, రక్తంలో ఆమ్లం పెరగొచ్చు, అందుకే నెమ్మదిగా ఎక్కిస్తారు. మన ఇంటి డబ్బాలో ఉండదు గానీ, మీ వాళ్లకి రాస్తే ఏ గంటలో ఇస్తున్నారో చూడండి.

మందు కాదు గానీ మెషీన్ మీద అడగాల్సింది ఇంకోటి ఉంది. డయాలసిస్ ద్రవంలో కూడా కాల్షియం ఉంటుంది, లీటరుకి 1.25, 1.5, 1.75 మిల్లీమోల్స్ అని రకాలు. 1.25 నుంచి 1.5 మధ్య మంచిదని మార్గదర్శకాలు. ఎక్కువ ఉన్న ద్రవంతో నాలుగు గంటలు నడిస్తే ఒంట్లోకి కాల్షియం ఎక్కుతుంది, మనం ఇంట్లో ఎంత జాగ్రత్తపడినా. మా యూనిట్‌లో సిస్టర్లకి తెలుగు రాదు, నేను నేర్చుకున్న మొదటి తమిళ వాక్యాల్లో ఇదొకటి: "డయాలిసేట్‌ల కాల్షియం ఎవ్వళవు వచ్చిరుక్కీంగ?" (ద్రవంలో కాల్షియం ఎంత పెట్టారు?) ఎవరూ విసుక్కోలేదు, డబ్బా తిప్పి చూపించారు.

మూడో కుప్ప: దిగాక

మెషీన్ ఏ మందుని కడిగేస్తుంది, దేన్ని వదిలేస్తుంది? చిన్న అణువై, నీళ్లలో కరిగి, రక్తంలోని ప్రోటీన్‌ని అంటుకోకుండా తిరిగేదైతే పోతుంది. ప్రోటీన్‌కి అతుక్కున్నది, కొవ్వులోకి, కండలోకి ఇంకిపోయినది మిగులుతుంది. బీ-కాంప్లెక్స్, ఫోలిక్ యాసిడ్ పోతాయి, అందుకే డయాలసిస్ రోజు దిగాక వేయాలి. బీపీ మాత్రల్లో అటినొలాల్, మెటొప్రొలాల్ పోతాయి, ఆమ్లోడిపిన్ పోదు. పొద్దున షిఫ్ట్ ఉన్న రోజు బీపీ మాత్ర ముందా తర్వాతా అన్నది, మెషీన్ మీద బీపీ పడిపోతుందా పెరుగుతుందా అన్నదాన్ని బట్టి డాక్టర్ చెప్పాలి, ఒకరికి చెప్పింది ఇంకొకరికి పనికిరాదు. యాంటీబయాటిక్స్ చాలా వరకు దిగాకే, ఏదైనా కొత్తగా రాస్తే ఒక్క మాట అడగండి.

పీటీహెచ్ ఎక్కువ ఉన్నవాళ్లకి ఇచ్చే సినకాల్సెట్ ప్రోటీన్‌కి గట్టిగా అతుక్కునే రకం, మెషీన్ తీయలేదు. అందుకని దానికి డయాలసిస్ వేళతో పని లేదు, తిండితో పని ఉంది, తిన్నాక వేస్తే వికారం కాస్త తగ్గుతుంది, ఒంటికీ బాగా పడుతుంది. అది కాల్షియాన్ని దించుతుంది, పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం మొదలైతే వెంటనే చెప్పాలి. పీటీహెచ్ టెస్ట్ ఆ మాత్ర వేసిన 12 గంటల తర్వాతే ఇవ్వాలి, లేకపోతే అంకె తక్కువగా వచ్చి అందరినీ తప్పుదోవ పట్టిస్తుంది. కాల్సిట్రియాల్, అంటే నేరుగా పనిచేసే రూపంలోని విటమిన్ డి, కూడా మెషీన్‌లో పోదు, అది పేగులో కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ పీల్చుకునేట్టు చేస్తుంది, అందుకే ఆ రెండు అంకెలు పెరిగినప్పుడు కూడా అదే డోసు నడుస్తోందేమో అడగాలి.

నాలుగో కుప్ప: ఇంట్లో ఉండకూడనివి

మా ఇంట్లో ఈ కుప్పే అన్నిటికంటే పెద్దదైంది. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఒక డాక్టర్ రాసిన కాల్షియం మాత్రలు రోజుకి రెండు, ఏడాదిన్నరగా స్ట్రిప్ అయిపోగానే కొంటూనే ఉన్నాం. స్ట్రిప్ మీద 500 అని ఉండేది, అంటే అచ్చమైన కాల్షియమే 500. దాంతో పాటు యూనిట్‌లో రాసిన కాల్షియం అసిటేట్ ఆరు మాత్రలు, 667 మాత్రలో 169 మి.గ్రా. కాల్షియం. కూడితే తిండి కాకుండానే రోజుకి 2000 మి.గ్రా. పైన పడుతోంది. ఒక డాక్టర్‌కి రెండో డాక్టర్ రాసింది తెలియదు, చెప్పాల్సింది మేమే, చెప్పలేదు. ఆ నెల అమ్మ కాల్షియం 10.9, ఉండాల్సిన దానికంటే ఎక్కువ.

కాబట్టి వెతకండి. బలానికని వేసే కాల్షియం మాత్రలు, కాల్షియం ఉన్న మల్టీవిటమిన్లు. విటమిన్ డి 60,000 యూనిట్ల పొట్లాలు, డాక్టర్ ఎన్ని వారాలు చెప్పారో అన్ని వారాలే, ఆ తర్వాత కొనసాగించొద్దు. కడుపు మంటకి తాగే గులాబీ, తెలుపు రంగు సిరప్‌లు, వాటిలో చాలావరకు అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి, కిడ్నీ పనిచేయనివాళ్ల ఒంట్లో అవి పేరుకుపోతాయి. శంఖ భస్మం, ప్రవాళ భస్మం, ముత్యాల భస్మం: పేర్లు వేరు గానీ అవన్నీ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. ఆకూ వక్కలో రాసుకునే సున్నం కూడా కాల్షియమే. మా అమ్మ రోజుకి నాలుగైదు తాంబూలాలు వేసేది, ఏ డాక్టరూ అడగలేదు, మేమూ చెప్పాలనుకోలేదు. సున్నం మాన్పించడం మాత్రలు మాన్పించడం కంటే కష్టమైంది, ఇప్పుడు ఉత్త వక్కపలుకు, అదీ ఎప్పుడైనా.

వార్ఫరిన్ గురించి విడిగా చెప్పాలి. రక్తం పలచబడే ఈ మందు విటమిన్ కె పనిని ఆపుతుంది, ఆ కె మీద ఆధారపడే కాపలా ప్రోటీన్ కూడా అప్పుడు పనిచేయదు, కాల్షియం పట్టడం పెరగొచ్చు. కవాటం మార్చినవాళ్లు దీన్ని ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే ఆపమని అనడం లేదు. వార్ఫరిన్ నాకు తప్పనిసరా, వేరేది కుదురుతుందా అని అడగమంటున్నాను, అంతే. ఇంకో మాట, విటమిన్ కె2 మాత్రలు కొని వేసుకుంటే కాల్షియం పోతుందని ప్రచారం ఉంది. డయాలసిస్ వాళ్లలో జరిగిన ట్రయల్స్‌లో రక్తంలోని అంకెలు మెరుగయ్యాయి గానీ రక్తనాళాల్లో కాల్షియం పెరగడం చాలావరకు ఆగలేదు.

కాగితం మీద ఏం రాయాలి

నాలుగు కుప్పలూ అయ్యాక ప్రతి మందు పేరు, ఎవరు రాశారు, ఏ వేళకి, తిండితోనా, డయాలసిస్ రోజు ముందా తర్వాతా అని రాయండి. కింద ప్రతి నెల రెండు అంకెలు, ఫాస్ఫరస్, కాల్షియం; మూడు నెలలకోసారి పీటీహెచ్ కూడా. మామూలు మనుషుల్లో ఫాస్ఫరస్ 2.5 నుంచి 4.5, డయాలసిస్‌లో 5.5 లోపు ఉంచాలని చాలా యూనిట్లు చూస్తాయి. రక్తం ఎప్పుడూ మెషీన్ ఎక్కే ముందే, వీలైతే వారంలో మధ్య రోజున ఇవ్వాలి, ఒక నెల మంగళవారం, ఇంకో నెల గురువారం ఇస్తే పోల్చడానికి కుదరదు. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువ ఉన్నవాళ్లకి కాల్షియం అంకె ఉన్నదాని కంటే తక్కువగా కనపడుతుంది, నార్మల్ అని వదిలేయకుండా సరిచేసిన అంకె ఎంతో అడగండి. ఏడాదికోసారి ఎకో తీసినప్పుడు కవాటాల మీద కాల్షియం ఉందా అని, పొట్టకి పక్క నుంచి తీసే ఎక్స్-రే అవసరమా అని కూడా అడగండి.

ఒక్క విషయంలో మాత్రం నెలాఖరు దాకా ఆగొద్దు. తొడల మీద, పొట్ట మీద, పిరుదుల మీద వలలాగా ఊదా రంగు మచ్చలు, ముట్టుకుంటే భరించలేనంత నొప్పి, గట్టి గడ్డలు కనపడితే అది కాల్సిఫిలాక్సిస్ కావచ్చు. దురద అనుకుని ఆయింట్‌మెంట్ రాసి కూర్చోకండి, ఆ రోజే నెఫ్రాలజిస్ట్‌కి చూపించండి, మర్నాటి షిఫ్ట్ దాకా కూడా ఆగొద్దు.

మా కాగితం అమ్మ డయాలసిస్ సంచిలో ప్లాస్టిక్ కవర్‌లో ఉంటుంది, ఒక కాపీ సూళ్లూరుపేటలో అన్నయ్య దగ్గర, ఒకటి నా ఫోన్‌లో. పోయిన నెల కాల్షియం 9.1, ఫాస్ఫరస్ 5.2. తొడలో ఆ తెల్ల గీతలు అలాగే ఉన్నాయి.